మాస్టారి చలిసంచి

“ఇది మోసం యిత్కా. నాకు బొమ్మ విమానం ఎగరెయ్యడం నేర్పిందే మీ నాన్న. నావల్ల కాదు,” అన్నాడు తీబోర్.

యిత్కా గుమ్మంలోంచి కదల్లేదు. ఆమె తండ్రి ఓతకార్‌కి చూపు దాదాపు పోయింది. అయినా విమానాలు ఎగరేసే సీజను ముగిసే ఆదివారం తన బొమ్మ విమానాన్ని తనే ఎగరేస్తానని భీష్మించుకు కూర్చున్నాడు. వద్దంటే మనిషి కుంగిపోతాడు. సరేనంటే అది మైదానంలో ఏ పిల్లల నెత్తినో పడుతుంది. అందుకే స్క్రూలు బిగించాలని తండ్రికి చెప్పి, విమానాన్ని తీబోర్ ఇంటికి మోసుకొచ్చింది.

“ఆయన రిమోట్ ఆయన చేతిలోనే ఉండనీ. నువ్వు వెనక నిలబడి నీ రిమోట్‌తో ఎగరెయ్యి. పది నిమిషాలు నమ్మనీ ఆయన్ని.”

ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు తనని తాను తిట్టుకున్నాడు కూడా. మాస్టారి రిమోట్ ఒక కంపెనీది, తనది ఇంకో కంపెనీది. విమానంలో ఉన్న రిసీవర్ మాస్టారి రిమోట్ మాటే వింటుంది. విమానం పొట్ట విప్పి రిసీవర్ మార్చాడు. తీరా చూస్తే, తోక తిప్పబోతే మోటారు తిరిగింది. రెండు కంపెనీలకీ వైర్ల వరస వేరు. మూడు సాయంత్రాలు కూర్చుని దాన్ని దారికి తెచ్చాడు. ఇక ఆ విమానం మాస్టారి మాట వినదు.

ఆదివారం చలి ఎముకలు కొరికేస్తోంది. రిమోట్‌నీ చేతుల్నీ కలిపి కప్పే దళసరి గుడ్డ సంచి మెడకి తగిలించుకుని, చేతులు రెండూ అందులో దూర్చి నిలబడ్డాడు ఓతకార్. తన రిమోట్ పట్టుకుని వెనక నిలబడ్డాడు తీబోర్. మాస్టారి వేళ్ళు చూసి తిప్పుదామనుకున్నాడు. ఇప్పుడు వేళ్ళే కనపడవు.

“లేపుతున్నా,” అన్నాడు ఓతకార్. తీబోర్ లేపాడు. “ఎడమకి,” అన్నాడు. తిప్పాడు. ఇరవై ఏళ్ళ కిందట పాఠం చెప్పినట్టే ప్రతిదీ పైకి చెబుతున్నాడు ముసలాయన. ఆయన మొహం మాత్రం విమానం లేని వైపు ఆకాశంలోకి తిరిగి ఉంది.

విమానం క్షేమంగా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. యిత్కా ఏడుస్తూ, నవ్వుతూ తండ్రిని కావలించుకుని, టీ తేవడానికి వెళ్ళింది.

తీబోర్ ఉండబట్టలేకపోయాడు. “మాస్టారూ, మీకొక సంగతి చెప్పాలి.”

“స్క్రూలు బిగించడానికి మూడు రోజులు పట్టదురా,” అన్నాడు ఓతకార్. “దానికి మాత్రం చెప్పకు. ఎన్నాళ్ళకో ఇవాళ నవ్వింది పిచ్చిది.”

సంచి మెడలోంచి తీసి, యిత్కా కంట పడకుండా దాచమని తీబోర్ చేతికిచ్చాడు. సంచి మరీ మెత్తగా ఉంది. విప్పి చూస్తే లోపల రిమోట్ లేదు. చల్లారిపోయిన వేడినీళ్ళ రబ్బరు తిత్తి ఒకటే ఉంది.