నడిచేవాళ్లు ముందు

ఓడ ఐర్లాండ్‌లో కార్క్ దగ్గరి రింగాస్కిడీ రేవు వదిలిందో లేదో స్పీకరులో జాగ్రత్తలు మొదలయ్యాయి. అలారం ఎలా మోగుతుంది, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలి, ఎక్కడ గుమికూడాలి. లీలారాణి చెవిన పెట్టలేదు. ములింగార్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏళ్ల తరబడి ఫైర్ డ్రిల్ చేయించిన మనిషాయె. ఆమెకు ఒకరు చెప్పేదేమిటి!

పైన డ్రిల్ చూసొచ్చిన కూతురు అబిగేయిల్ మాత్రం ఊరుకోలేదు.

"మామ్, సాయం కావాల్సినవాళ్లని ఇక్కడ ముందు తీసుకెళ్తారట," అంది తన ఐరిష్ ఇంగ్లీషులో.

"అలా చేస్తే అందరూ మెట్ల మీదే ఇరుక్కుపోతారు," అంది లీలారాణి. "నడిచేవాళ్లు ముందు. చెయ్యి పట్టుకుంటే నడిచేవాళ్లు తర్వాత. మంచం మీదివాళ్లు లాస్ట్. ఒక్కర్ని మోసేలోపు పదిమంది బయటపడతారు."

నర్సింగ్ హోమ్‌లో జో అని ఒక ముసలాయన ఉండేవాడు. పక్షవాతం. డ్రిల్ జరిగినప్పుడల్లా "మరి నా సంగతేంటి లీలా?" అని అడిగేవాడు. "అందరూ వెళ్లాక నీకోసం నేనే వస్తా జో," అనేది. "గ్రాండ్," అని, అంతా బాగానే ఉందన్నట్టు నవ్వేవాడు.

ఫిబ్రవరి నుంచి ఆమె డ్యూటీకి వెళ్లడం లేదు. ఎవరేమడిగినా తనూ గ్రాండ్ అనే అంటోంది. ఏడుపు రాదు, కోపం రాదు, ఆకలి కూడా సరిగా తెలియదు. చర్చివాళ్లు వచ్చి చుట్టూ కూర్చుని కన్నీళ్లతో ప్రార్థన చేస్తే, వీళ్లెప్పుడు లేస్తారా అని గోడ గడియారం చూస్తూ ఉండేది.

కాస్త గాలి మారుతుందని ఈ ఫ్రాన్స్ ప్రయాణం పెట్టింది భర్త జయకుమార్. తల్లి నాగరత్నాన్ని కూడా బయల్దేరదీశాడు. ఆవిడ మార్చిలో గుంటూరు నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పులు, చేతిలో కర్ర, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక సణుగుడు. అత్తాకోడళ్లది పెళ్లినాటి నుంచీ ఎడమొహం పెడమొహమే. ఒకే ఇంట్లో ఇన్ని నెలలున్నా ఆ సంగతిలో పెద్ద మార్పు లేదు.

ఓడ ఎక్కేముందు రేవులో ఒక కుర్రాడు కారులోకి తొంగిచూసి, సాయం కావాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఒకరున్నారని జయకుమార్ చెప్పాడు. ఆ కుర్రాడు నాగరత్నం కర్ర చూసి, ఆవిడకేసి ఒక నవ్వు నవ్వి, ఓడ లోపల లిఫ్టు పక్కనే కారు పెట్టించాడు. వెడల్పు తలుపున్న కేబిన్ ఇచ్చారు. జయకుమార్ చక్రాల కుర్చీని మడిచి బాత్రూమ్ గోడకు ఆనించాడు.

టిఫిన్ డబ్బాల్లో తెచ్చుకున్న అన్నం, కోడికూర తిన్నారు. అత్త ఒక మంచం మీద, కోడలు దుప్పటి కప్పుకుని ఎదుటి మంచం మీద నడుం వాల్చారు.

అంతలో అలారం కూసింది. పొట్టిపొట్టిగా వరసగా కూసి, చివర పొడుగ్గా. ఈసారి డ్రిల్ కాదు. తలుపు కింద నుంచి కాలిన వైర్ల వాసన వస్తోంది. లిఫ్టులు ఆపేశామని, అందరూ మెట్ల మీదుగా పైకి రావాలని స్పీకరు చెప్పింది.

జయకుమార్ మంచం దగ్గరకు వచ్చాడు.

"నేను ఎత్తుకుంటా. ఏం బరువని," అన్నాడు.

"మెట్ల నిండా జనం ఉంటారు. నువ్వు ఆగావంటే నీ వెనకున్నవాళ్లంతా ఆగిపోతారు. పాపను తీసుకెళ్లు. పైన చెప్పు, మోసేవాళ్లని పంపిస్తారు."

"అది కాదు లీలా..."

"నడిచేవాళ్లు ముందు," అంది.

గొంతులో ఒణుకు లేదు. కూతుర్ని దగ్గరకు పిలిచి జాకెట్ తాళ్లు బిగించింది. అబిగేయిల్ వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపు లీలారాణికి పక్కింటి టీవీలోంచి వస్తున్నట్టుంది.

జయకుమార్ తల్లి వైపు చూశాడు. నాగరత్నం మంచం మీంచి కదల్లేదు.

"ఎల్లరా," అంది. "పిల్లని తీసుకుని ముందు ఎల్లు."

తలుపు మూసుకుంది. నడవలో పరుగులు, కేకలు. కాసేపటికి అవీ తగ్గిపోయాయి. వాసన మాత్రం ఎక్కువైంది. ఎవరూ రాకపోతే ఇద్దరికీ ఇదే ఆఖరి గది. ఆ సంగతి లీలారాణికి బాగా తెలుసు. తెలిసీ భయం వేయడం లేదు. తల్లికి, భార్యకు ఇలాంటప్పుడు భయం వేయాలి కదా అనుకుంది. వేయనందుకు సిగ్గేసింది, అదీ కొంచెమే. జో గుర్తొచ్చాడు. గ్రాండ్ అని నవ్వేటప్పుడు ఆయన మనసులో ఏముండేదో ఒక్కనాడూ అడగలేదు.

నాగరత్నం అప్పటిదాకా గొణుగుతున్న ప్రార్థన ఆపింది.

"మీ మావయ్య పోయేటప్పుడు నేను పక్కన లేను," అంది. "టీ తాగొద్దామని ఆస్పత్రి కిందకి దిగా. వచ్చేసరికి అయిపోయింది. మనిషిని ఒంటరిగా వదలకూడదమ్మా."

కోడల్ని ఆవిడ అమ్మా అని పిలవడం ఇదే మొదలు.

"వస్తార్లెండి అత్తయ్యా," అంది లీలారాణి.

తలుపు తోసుకుని ఓడ సిబ్బంది ఇద్దరు వచ్చారు. చేతుల్లో మెట్ల మీద మోసే కుర్చీ ఉంది. సాయం కావాల్సినవాళ్ల దగ్గరకు ముందే రావాల్సిందని కార్క్ యాసలో నొచ్చుకుంటూ, ఒకతను కర్రను చూసి కుర్చీని తిన్నగా నాగరత్నం ముందు దించాడు.

నాగరత్నం లేచి నిలబడి, కర్రను అతని చేతిలో పెట్టి, కుర్చీని ఎదుటి మంచం వైపు తిప్పి, కోడలి మీది దుప్పటి తీసి, ఫిబ్రవరి నుంచి చచ్చుబడి ఉన్న ఆ రెండు కాళ్లనూ ఒక్కొక్కటే ఎత్తి కిందకు దించింది.