రెండో నాజిల్

“నీ జిడ్డు నూనె మా లారీల్లో పోస్తే ఊరుకోను బావా!”

“లారీలు నీవి కావు, అత్తయ్యవి,” అన్నాడు బావ, చేతిలో డబ్బా కింద పెట్టకుండానే. ఆ బావాబామ్మర్దుల మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

“ఇక నోళ్లు మూయండి,” అంది అమ్మ, లారీల షెడ్డు మధ్యలో కుర్చీ లాక్కుని. “బయోడీజిల్ కలిపిన నూనె సరిగ్గా చిమ్మితే షెడ్డు తాళాలు అల్లుడుగారికి. చిమ్మకపోతే నీకేరా. చూపించండి.”

కొడుకు లోలోపల నవ్వుకున్నాడు. ఇంజన్లోకి నూనె చిమ్మే నాజిళ్లని పరీక్ష బల్ల మీద బిగించేది తనే కదా! డీజిల్‌కి కొత్త నాజిల్ తీసి పెట్టాడు. బావ నూనె కోసం అరిగి మూలపడ్డదాన్ని వెతికి, తుడిచి మెరిపించాడు. “ఒకదాని నూనె ఇంకోదానికి అంటకూడదమ్మా, అందుకే రెండు,” అని ముందే చెప్పి పెట్టాడు.

నాజిల్ కింద గిన్నె పెట్టి, మొదట డీజిల్ పోసి బల్ల లివరు నొక్కాడు. తుస్సుమంటూ మంచులా చిమ్మింది.

గిన్నె శుభ్రంగా తుడిచి నాజిల్ మార్చాడు. బావ తన డబ్బా వంచాడు. లివరు నొక్కగానే ఒక పక్కకి సన్నటి ధార కట్టింది, ఆ తర్వాత బొట్లు బొట్లుగా కారింది.

“చూశావా అమ్మా? చిక్కటి నూనె, చెదిరి చావదు! ఇంజన్లో ఇలా కారితే సగం కాలక పొగే పొగ. ఏం బావా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నావా?”

బావ ముఖం మాడిపోయింది. అమ్మ లేచి తాళాలగుత్తి కొడుక్కి అందించబోయింది.

“ఆగండత్తయ్యా! అది నా నూనె కాదు!” బావ గొంతు చించుకున్నాడు. “ఎక్కడ సరిగ్గా చిమ్మదో, వీడి ముందు పరువు పోతుందోనని భయపడి, నా డబ్బాలోనూ ఉత్త డీజిలే పోసుకొచ్చాను!”

“విన్నావా అమ్మా? మోసం! తన నోటితోనే ఒప్పుకున్నాడు. గెంటెయ్ ఈ మనిషిని!” కొడుకు ఎగిరి గంతేశాడు.

అమ్మ గిన్నెలో వేలు ముంచి వాసన చూసింది. డీజిలే. తాళాలు మళ్లీ పిడికిట్లోకి లాక్కుంది.

“రెండుసార్లూ డీజిలే అయితే, మొదటిది మంచులా చిమ్మి రెండోది చొల్లులా కారిందేంరా? ఆ నాజిల్ విప్పి ఇలా తే.”