పదికి సున్నా

"బిడ్డ రెండు రోజుల సంది సరిగ అన్నం తింటలేదు సార్. లీవ్ లెటర్ రాయమన్నరు, రాసింది. పదికి సున్నా ఏసిన్రు. గిదేం న్యాయం?"

భానుచందర్ ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టాడు. ఆయన ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి వ్యాపారి. ఏడో తరగతి చదివే కూతురు సౌమ్య పరీక్ష పేపర్లో ఆ ఒక్క జవాబునే ఇంట్లో ఆవిడ ఫొటో తీసి పంపింది. అది చూసి యార్డు నుంచి నేరుగా సుబేదారిలోని స్కూలుకు వచ్చేశాడు.

కరస్పాండెంట్ కిషన్ రావు ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. చిన్న ఉత్తరమే, ఫోన్ మెసేజ్ స్పెల్లింగులతో. మేడారం జాతరకు మూడు రోజులు సెలవు కావాలట. 'ప్లీజ్' మూడు అక్షరాల్లో అయిపోయింది. 'థాంక్యూ' రెండింటికే సర్దుకుంది. 'యూ' ఒంటరిగా నిలబడింది.

ఎదురుగా స్రవంతి టీచర్, చేతిలో సౌమ్య తిరిగి తెచ్చిచ్చిన, మడతపెట్టిన అసలు పేపరు. ఉద్యోగంలో చేరి మూడు నెలలే. ఇంకా పర్మినెంట్ కాలేదు. పోయిన నెల ఒక పేరెంట్ కంప్లైంట్ ఇస్తే సైన్స్ సార్ మర్నాడు రాలేదు. ఇక రాడు కూడా.

"సార్, అసలు ఈ పేపరు..."

"ఆగమ్మా. పేరెంట్ మాట్లాడుతాండు కద."

భానుచందర్ కుర్చీ ముందుకు జరిపాడు. "మేడం, ఒకపాలి మా దుకాణానికి రాండ్రి. మిర్చి అని ఇంగ్లీష్‌ల అమెరికా పోయే బస్తా మీద ఒక తీరు రాస్తం, లండన్ పోయే బస్తా మీద ఇంకో తీరు. మా దుకాణం బోర్డు మీద మూడో తీరు ఉంటది. ఏమన్న కారం తగ్గిందా?"

కిషన్ రావు టేబుల్ చరిచి నవ్వాడు. "ఎంత మంచిగ చెప్పినవయ్యా! మా తాత పుస్తకాలల్ల 'టుడే' అంటే నడుమల గీత ఉండె. ఇప్పుడా గీత ఏడ వోయింది? ఇంగ్లీష్ ఊకె మారుతనే ఉంటదమ్మా."

"మారుతది సార్, నేను కాదంటలేను. కానీ ప్రశ్నల ఏం అడిగినమంటే..."

"లీవ్ లెటర్ అడిగినవ్. రాసింది. భావం తెలిసిందా, లేదా?"

"తెలిసింది సార్."

"మరింకేంది?"

"జర అప్డేట్ గావాలె మేడం," అన్నాడు భానుచందర్. "మా సౌమ్య ఇంట్ల గూడ ఇంగ్లీషే. మా అమ్మ భద్రమ్మ 'బువ్వ తింటవా బిడ్డా' అంటే 'వాట్?' అంటది. ముసలామెకు సమజ్ గాక నన్ను పిలుస్తది. అసొంటి పిల్లకు సున్నానా?"

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కిషన్ రావు కూడా పొంగిపోయాడు. అది తన స్కూలు ఘనతే కదా.

"సార్, ఒక్కసారి పేపరు విప్పి చూస్తే..."

"చూసుడేంది, ఫొటోల చూసిన కద! చూడమ్మా స్రవంతీ, నీ పర్మినెంట్ ఫైల్ నా టేబుల్ మీదనే ఉన్నది."

స్రవంతికి ఇంటి దగ్గర తల్లి మందులు, తమ్ముడి కాలేజీ గుర్తొచ్చాయి.

కిషన్ రావు గొంతు సవరించుకున్నాడు. "రేపటి సంది మన స్కూల్ల పాత స్పెల్లింగూ ఒప్పే, కొత్త స్పెల్లింగూ ఒప్పే. సర్క్యులర్ తీస్తా. నువ్వు మార్కులు దిద్దు. ఇక్కడ్నే, నా ముందట. పదికి పది."

"గంతే సార్, ఇంకేం ఫికర్ లేదు," అంటూ భానుచందర్ ఇంటికి ఫోన్ కలిపాడు.

స్రవంతి ఎర్ర పెన్ను మూత తీసింది, పేపరు మడత విప్పింది, మొదటి పేజీలో 'సబ్జెక్టు: తెలుగు' అన్న అచ్చు అక్షరాల కింద, మార్కుల పట్టీలో ఆ జవాబుకు వేసిన సున్నాకు ముందు ఒకటి చేర్చింది.