గుండ్రటి బల్ల

"బల్లకి మూలల్లేవు. ఇక మనలో పెద్దా చిన్నా లేదు, మాట్లాడండి," అన్నాడు తెమిర్‌బెక్, మా నారిన్ పాలకేంద్రం డైరెక్టరు. రాజధాని బిష్కెక్‌లో రెండ్రోజుల శిక్షణలో అబ్బిన తెలివి అది.

గుమ్మం పక్కన టీ పోస్తున్న బురుల్చా నవ్వింది. "మనం కాపురముండే గుడారం మాత్రం గుండ్రంగా లేదా నాయనా? అయినా గుమ్మానికి ఎదురుగా పెద్దమనిషి, గుమ్మం దగ్గర టీ పోసే మనిషి. నువ్వెక్కడ కూర్చున్నావో చూసుకో."

అతను మొహం మాడ్చుకుని లేచాడు. "అయితే నువ్వే అక్కడ కూర్చో పెద్దమ్మా."

బురుల్చా వెళ్ళి అతని చోట కూర్చుంది. అతను గుమ్మం పక్కన ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె కప్పు అంచుదాకా నింపాడు. సగం పోస్తే ఉండమని, నిండా పోస్తే తాగి వెళ్ళమని మా వాడుక.

బురుల్చా తాగేసి కప్పు చాచింది. "ఇంకోటి. ఈసారి సగమే."

గుమ్మం దగ్గర కూర్చున్నవాడు కాదనకూడదు. సగమే పోశాడు.