పై వరుస

హోల్‌సేల్ మార్కెట్లో యాపిల్ పెట్టె కొంటే దుకాణం ధరలో సగానికే వస్తుంది. అందుకే నేనూ, మా పెద్ద తోడికోడలూ నెలకో పెట్టె కొని పంచుకుంటాం. బేరం చేసేదీ అక్కే, పెట్టెను స్కూటర్‌కి కట్టేదీ అక్కే.

"పై వరుస నీది, అడుగు వరుస నాది. నీకు చిన్నపిల్లలున్నారు కదే," అంటుంది ప్రతిసారీ.

వ్యాపారి మంచివి పైన పేర్చి, దెబ్బతిన్నవి అడుగున దాస్తాడని అందరికీ తెలుసు. అయినా నా వంతుకొచ్చేవి సగం మచ్చలే. పైవే ఇలా ఉంటే, పాపం, అక్క ఎలాంటివి తింటోందో! తలచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఈసారి ఉండబట్టలేకపోయాను. అక్క స్కూటర్‌కి తాళం వేస్తుండగా, గుట్టుచప్పుడు కాకుండా పెట్టెను తలకిందులు చేశాను. ఒక్కసారైనా మంచివి తను తినాలి.

వంటగదిలో టేపు కోసి పెట్టె తెరిచాను. పై వరుసలో ఒక్క మచ్చ లేదు. నిగనిగలాడుతున్నాయి. నేను తెల్లబోయాను. అక్క నాకన్నా ఎక్కువ తెల్లబోయింది.

"పెట్టెను ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే అక్కా. నీకు మంచివి రావాలని తిరగేశాను."

"నువ్వూ తిరగేశావా!" అని నాలుక కరుచుకుంది.

"పై వరుస నాదేగా అక్కా," అంటూ బుట్ట అందుకున్నాను.