గేటు దగ్గరి మనిషి

"ఆగండి! ఇప్పుడు ఇటు రావద్దు!"

గేటుకు అడ్డంగా చేతికర్ర పెట్టి నిలబడ్డాడు ముసలాయన.

ఐవీ చక్రాల కుర్చీని టక్కున ఆపింది. కుర్చీలో ఉన్న ఆమె భర్త సెడ్రిక్ ముందుకు తూలి, ఒళ్లోని టీ ఫ్లాస్కును గట్టిగా పట్టుకున్నాడు.

"ఎందుకు రాకూడదు?"

"ఆవులు దూడలతో ఉన్నాయమ్మా. కాసేపు ఆగితే పైకి పోతాయి."

"ఈ చలిలోనా? ఈయన్ను చూశారా అసలు?"

"చూశాను. అందుకే చెప్తున్నా."

ఐవీకి ఒళ్లు మండింది.

ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కొండల్లో, రైతుల పొలాల మీదుగా పోయే కాలిబాటలకు కొదవ లేదు. కాని ప్రతి కంచె దగ్గరా ఎక్కి దిగవలసిన చెక్కమెట్లే. పక్షవాతం వచ్చాక సెడ్రిక్‌కు కిటికీ ఒక్కటే మిగిలింది. ఊళ్లోవాళ్లు కౌన్సిల్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఈ ఒక్క బాటకు మెట్లు తీయించి వెడల్పు గేట్లు పెట్టించారు. బాట చివర ఒక బల్ల. అక్కడి నుంచి చూస్తే లోయ మొత్తం, వేల్స్ కొండల దాకా.

ఆదివారం అక్కడ టీ తాగితే సెడ్రిక్‌కు వారమంతా తిండి సహిస్తుంది. తాగని వారం గోడవైపు తిరిగి పడుకుంటాడు. "బతకాలన్న ఆశ ఆయనకుండాలి. అది నా మందుల్లో లేదు" అని డాక్టరు ఎప్పుడో తేల్చి చెప్పాడు.

"ఇది అందరి బాట. మీ తాతగారి సొత్తు కాదు" అంది ఐవీ.

"ఊరుకో ఐవీ. ఈయన్ను ఆవులే జీతానికి పెట్టుకున్నట్టున్నాయి" అన్నాడు సెడ్రిక్, వంకరపోయిన మూతితో నవ్వుతూ.

ముసలాయన నవ్వలేదు. కుర్చీ చేతికి కట్టిన తాడునూ, దాని చివర ఉన్న టఫీ అనే బుల్లి కుక్కనూ చూస్తున్నాడు.

"ఆవులు మీదికొస్తే ముందు కుక్కను వదిలెయ్యండి. వాటి కోపమంతా దాని మీదే. అది పరిగెత్తి తప్పించుకుంటుంది. మీరు పరిగెత్తలేరు."

"గేటు బోర్డు మీద ఏం రాసుంది? కుక్క తాడు విప్పకూడదని. నేను విప్పడం, మందను బెదిరించిందని మీరు దాన్ని తుపాకీతో కాల్చడం! ఆ పప్పులు నా దగ్గర ఉడకవు."

ఆయన కర్ర పక్కకు జరిపాడు. గేటు తీశాడు. పొలం దాటేదాకా వాళ్లకూ ఆవులకూ మధ్య కర్ర పట్టుకుని నడిచాడు. దొంగల వెంట పోలీసులా.

మరుసటి ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే.

ఐవీ కౌన్సిల్‌కు ఫోను చేసింది. "రైతు దారి కాస్తున్నాడు" అని చెప్పింది.

ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, ఐవీ ఎదుటే ఆయనకు చెప్పింది. "బాట మీద జనాన్ని ఆపకూడదండీ. వెంటబడకూడదు. ఇంకోసారి ఫిర్యాదొస్తే పోలీసులకు చెప్పాల్సొస్తుంది."

ఆయన టోపీ తీశాడు. "గేటు బయట నిలబడొచ్చా తల్లీ?"

"రోడ్డు మీద ఎవరైనా నిలబడొచ్చు."

"నిలబడనివ్వమ్మా పాపం, చల్లగా ఉంటుంది" అంది ఐవీ.

తరువాతి ఆదివారం సన్నగా వాన. ఆయన గేటు బయట తడుస్తూ నిలబడి ఉన్నాడు.

"తాడు కుర్చీకి కట్టొద్దమ్మా" అన్నాడు.

ఐవీ ఆయన చూస్తుండగానే ఇంకో ముడి వేసింది.

పొలం మధ్యకు వచ్చేసరికి చక్రం బురదలో దిగబడింది. టఫీ మొరిగింది. ఆవులు ఒక్కొక్కటే తలెత్తాయి. తరువాత నడిచాయి. తరువాత పరిగెత్తాయి.

"ఐవీ, నువ్వెళ్లిపో" అన్నాడు సెడ్రిక్.

"నోరు మూసుకో" అంది ఐవీ, కుర్చీని గుంజుతూ.

ఆ ముసలి కాళ్లు అలా పరిగెత్తగలవని ఆమె అనుకోలేదు. ఆయన అరుస్తూ వచ్చి మోకాళ్ల మీద కూలబడి ముడి విప్పబోయాడు. ఒక ముడి ఊడింది. రెండోది తడిసి బిగుసుకుపోయింది. పళ్లతో లాగాడు.

టఫీ బాణంలా పోయింది. ఆవులు దాని వెనక పోయాయి. ఒక్కటి మాత్రం పోలేదు. దాని దూడ కుర్చీ వెనకే ఉంది.

ఆయన చక్రాన్ని బురదలోంచి ఎత్తి తోశాడు. "లాగమ్మా! వెనక్కి చూడకు, లాగు!"

ఐవీ లాగింది. గేటు దాటింది. గేటు మూసింది.

మూశాక చూసింది. కర్ర ఒక్కటే కనబడుతోంది, గడ్డిలో.

ముసలాయన చావు కబురు వచ్చిన మర్నాడు, అక్కడి ఆచారం ప్రకారం చావింటికి ఇవ్వడానికి ఆమె మాంసం కూర గిన్నె నిండా వండింది.

"ఆయన భార్యకు ఏ ముఖం పెట్టుకుని కనబడను?"

"ఏ ముఖమైనా సరే, వెళ్లాలి" అన్నాడు సెడ్రిక్.

కొండ కింద ఆ పొలం వాళ్ల ఇంటి తలుపు ఒక యువరైతు తీశాడు.

"మీ నాన్నగారి గురించి... నేను... అమ్మగారున్నారా?"

"అమ్మ సంతకు వెళ్లింది. నాన్న లోపల ఉన్నాడు. పిలవమంటారా?"

ఐవీ చేతుల్లో గిన్నె ఒరిగింది. అతను పట్టుకున్నాడు.

"మరి... గేటు దగ్గర..."

"ఆయన మా మనిషి కాదండీ. రెండు బస్సులు మారి వచ్చేవాడు. మీకెందుకీ అవస్థ అని మేమూ అన్నాం, వినలేదు." కుర్రాడు తల దించుకున్నాడు. "నిరుడు మా ఆవుల కాళ్ల కింద పోయినావిడ ఆయన భార్యేనండీ."