ఆరో నంబరు గదిలో పరామర్శ

కోటేష్ ఇంకా కూర్చోలేదు.

గుంటూరులో ఒక చిన్న నర్సింగ్ హోమ్. ఆరో నంబరు గది. మంచం మీద హారిక గడ్డం దాకా దుప్పటి కప్పుకుని ఉంది. పక్కన స్టూలు మీద కోటేష్ పిన్ని వెంకటరావమ్మ. కుర్చీలో బాబాయ్ ఆదెయ్య. కోడలికి ఆపరేషనని విని, చెప్పాపెట్టకుండా ఊరి నుంచి మొదటి బస్సుకి దిగారు.

పేషెంటు ఇవాళంతా మంచం దిగకూడదనీ, దిగితే కుట్లు లాగుతాయనీ డాక్టరు గట్టిగా చెప్పి వెళ్ళారు. వీళ్ళు వచ్చి అప్పుడే గంట దాటింది.

కోటేష్ కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మార్చాడు. గడియారం చూశాడు. తలుపు వైపు చూశాడు.

"కాస్త కూర్చోరా. మంచం చివర జాగా ఉందిగా," అంది పిన్ని.

"పర్లేదు పిన్నీ."

"పెళ్ళానికి ఆపరేషనయితే వీడి మొహం చూడు, పత్తిలా తెల్లబోయింది! ఈ పిల్లే నయం. ఇంతకీ కడుపులో గడ్డ ఎంతుందంటమ్మా?"

"నిమ్మకాయంత, అత్తయ్యా." హారిక కళ్ళు మూసుకుంది.

వెంకటరావమ్మ బత్తాయి ఒలిచి ఒక్కో తొనా కోడలి నోటికందించింది.

ఆదెయ్య కాళ్ళు చాపాడు. "మిరపకోత మానుకుని వచ్చాం. సాయంత్రం బస్సుకి పోదాంలే."

కోటేష్ నుదురు చెమటతో తడిసింది.

"ఊళ్ళో సంగతి తెలుసురా? పేరయ్యకు వరిబీజమంట. పంచె ఎట్టా కట్టినా దాగట్లా. మనోళ్ళు ఊరుకుంటారా? ఆ పేరుతోనే పిలుస్తున్నారు. గడప దాటటం మానేశాడు పాపం." ఆదెయ్య పగలబడి నవ్వాడు.

హారిక కళ్ళు తెరిచింది. "నవ్వేదేముంది మావయ్యా? లోపల సంచిలో నీరు చేరుద్ది, అంతే. చిన్న కోత పెట్టి తీసేస్తారు. కొన్నాళ్ళు బరువులెత్తకుండా ఉంటే చాలు."

"కోశాక ఇంక సంసారానికి పనికొస్తాడంటావా?"

"ఆడపిల్ల ముందు ఏం మాటలయ్యా అవి!" వెంకటరావమ్మ కసిరింది.

"శుభ్రంగా పనికొస్తాడు. పిల్లలూ పుడతారు," అంది హారిక.

"నీకెట్టా తెలుసమ్మాయ్?"

"డాక్టరు గారు చెబుతుంటే విన్నా."

ఆదెయ్య నవ్వు ఆగింది. బుర్ర గోక్కున్నాడు. "అంత తేలికా! అయితే ఎల్లుండి వాణ్ణి నేనే తీసుకొస్తా. కాదంటే ఆటోలో కుదేసి తెస్తా."

తలుపు తోసుకుని నర్సు వచ్చింది. గదంతా ఒకసారి కలయజూసింది. తెచ్చిన సూదిమందు ట్రేలోనే ఉంచేసింది.

"పేషెంటుకు రెస్టు కావాలండీ. ఇక మీరు బయల్దేరాలి."

"సాయంత్రం దాకా..."

"ఇప్పుడే, పెద్దాయనా."

ఆదెయ్య సణుక్కుంటూ లేచాడు. కోటేష్ భుజం మీద ఒక్క చరుపు చరిచాడు. కోటేష్ పళ్ళు బిగబట్టాడు.

"కోడల్ని జాగ్రత్తగా చూసుకోరా."

"అట్టాగే బాబాయ్."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. నర్సు తలుపుకి గడియ పెట్టింది.

హారిక ఒక్క ఉదుటున మంచం దిగి, నిన్న వరిబీజం ఆపరేషనైన మొగుణ్ణి రెండు చేతులా పట్టుకుని మెల్లగా పడుకోబెట్టింది.